సిమ్యులేషన్‌లో పనిచేసే ఆసిలేటర్ బల్ల మీద ఎందుకు మొండికేస్తుంది: ల్యాబ్‌లో రేడియో సర్క్యూట్లు నేర్చుకోవడం గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఈ సెమిస్టర్ ల్యాబ్‌లో చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్, దానికి తగ్గ రిసీవర్ సొంతంగా కట్టాలి. 100 మెగాహెర్ట్జ్‌కి కాల్‌పిట్స్ ఆసిలేటర్ (ఒక కాయిల్, రెండు కెపాసిటర్లతో తనంతట తానే తరంగం పుట్టించే సర్క్యూట్) డిజైన్ చేశారు, సిమ్యులేషన్‌లో చక్కగా వచ్చింది. బ్రెడ్‌బోర్డు మీద మాత్రం ఒక్కోసారి అసలు మొదలే కాదు, మొదలైతే 90 దగ్గర ఎక్కడో ఉంటుంది, చెయ్యి దగ్గరికి తెస్తే ఫ్రీక్వెన్సీ జారిపోతుంది, ప్రోబ్ పెడితే ఆగిపోతుంది. థియరీ బాగానే వచ్చు, చేతిపనే రాదేమో, రెడీమేడ్ మాడ్యూళ్లతో సరిపెట్టుకోవాలా అని అడిగారు.

చేతిపని రాకపోవడం కాదండీ. మీరు చెప్పిన నాలుగు లక్షణాలకీ నాలుగు మామూలు కారణాలున్నాయి, నాలుగింటినీ కాగితం మీద లెక్కేసి చూపించవచ్చు. ఈ ల్యాబుల్లో చాలా ఏళ్లుగా విద్యార్థుల పక్కన కూర్చుని చూస్తున్నాను, నాకు అర్థమైంది ఏమిటంటే ఇక్కడ అసలు చదువు సర్క్యూట్ పనిచేయించడం కాదు, గీసిన సర్క్యూట్‌కీ కట్టిన సర్క్యూట్‌కీ మధ్య తేడా ఎంత, ఎందుకు అనేది అంకెల్లో చెప్పగలగడం. అది వచ్చాక పనిచేయించడం ఎలాగూ వస్తుంది. మీ ఆసిలేటర్‌తోనే చూద్దాం.

మీరు విలువలు రాయలేదు కాబట్టి ఉదాహరణకి కాయిల్ 100 నానోహెన్రీ, రెండు కెపాసిటర్లు చెరో 50 పికోఫారడ్ అనుకోండి. రెండూ సిరీస్‌లో 25 అవుతాయి, ఫ్రీక్వెన్సీ సుమారు 100.7 మెగాహెర్ట్జ్ వస్తుంది. ఇప్పుడు బ్రెడ్‌బోర్డు సంగతి. దాని లోపల పక్కపక్క వరుసల్లో ఉండే లోహపు పట్టీల మధ్యే రెండు నుంచి ఐదు పికోఫారడ్ల దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. ట్రాన్సిస్టర్ కలెక్టర్-బేస్ కెపాసిటెన్స్ ఇంకొంత, 2ఎన్3904 అనే మామూలు ట్రాన్సిస్టర్ అయితే గరిష్ఠంగా 4 పికోఫారడ్లు అని డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది. అన్నీ కలిసి మీ 25కి ఇంకో 5 చేరింది అనుకుందాం, 30 అయింది. మళ్లీ లెక్కేయండి, 92 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. మీకు 90 దగ్గర కనిపించినది ఇదే. సిమ్యులేటర్ అబద్ధం చెప్పలేదు, ఆ 5 పికోఫారడ్లు ఉన్నాయని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పి చూడండి, అంటే సిమ్యులేషన్‌లో ట్యాంక్‌కి (కాయిల్, కెపాసిటర్ల జతకి) పక్కన 5 పికోఫారడ్లు, ప్రతి జంపర్ వైరుకీ సెంటీమీటరుకి 10 నానోహెన్రీ లెక్కన ఇండక్టెన్స్ పెట్టి మళ్లీ రన్ చేయండి, అదీ మీ బల్ల మీదికి దగ్గరగా వస్తుంది.

చెయ్యి విషయం కూడా ఇదే లెక్క. 25 పికోఫారడ్లకి అర పికోఫారడ్ చేరితే ఫ్రీక్వెన్సీ ఒక శాతం తగ్గుతుంది, అంటే ఒక మెగాహెర్ట్జ్. చెయ్యి కాయిల్ దగ్గరికి వస్తే ఆ మాత్రం చేరడం పెద్ద విషయం కాదు. ఎఫ్ఎంలో ఒక స్టేషన్‌కి కేటాయించే చోటు సుమారు 200 కిలోహెర్ట్జ్ అని గుర్తుపెట్టుకుంటే, ఒక మెగాహెర్ట్జ్ జారడం అంటే ఎంత దూరం వెళ్లిపోయినట్టో అర్థమవుతుంది.

ప్రోబ్ ఇంకా పెద్ద సమస్య. సిగ్నల్‌ని పదో వంతుకి తగ్గించి స్కోప్‌కి ఇచ్చే మామూలు 10ఎక్స్ ప్రోబ్ కొసన 10 నుంచి 15 పికోఫారడ్లు ఉంటాయి, 10 మెగాఓమ్ అని రాసి ఉంటుంది కాబట్టి సర్క్యూట్‌కి ఏమీ కాదని చాలామంది అనుకుంటారు, కానీ ఆ 10 మెగాఓమ్ డీసీ దగ్గర మాట. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 10 పికోఫారడ్లు అంటే సుమారు 160 ఓమ్‌లు. మీరు దాన్ని ఎమిటర్ దగ్గర పెట్టారంటే ఫ్రీక్వెన్సీ మారడమే కాదు, రెండు కెపాసిటర్ల నిష్పత్తి మారిపోయి ఫీడ్‌బ్యాక్ కూడా మారుతుంది. అసలే బొటాబొటి గెయిన్‌తో నడుస్తున్న ఆసిలేటర్ అక్కడితో ఆగిపోతుంది. 1ఎక్స్‌లో పెడితే ఇంకా దారుణం, కేబుల్‌తో కలిపి 100 పికోఫారడ్ల దాకా మీ సర్క్యూట్ మోయాలి. ఆ మొసలి క్లిప్ ఉన్న గ్రౌండ్ వైరు పదిహేను సెంటీమీటర్లు ఉంటుంది కదా, అది దాదాపు 150 నానోహెన్రీ, ప్రోబ్‌లోని 10 పికోఫారడ్లతో కలిసి 130 మెగాహెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అవుతుంది. కాబట్టి ఆ చుట్టుపక్కల మీరు స్కోప్‌లో చూసే ఎత్తు సర్క్యూట్‌ది ఎంతో, ఆ వైరుది ఎంతో చెప్పలేం. క్లిప్ తీసేసి ప్రోబ్‌తో వచ్చే చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ వాడండి. స్కోప్ బ్యాండ్‌విడ్త్ 100 మెగాహెర్ట్జ్ అని ఉంటే 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని అది 70 శాతం ఎత్తుకే చూపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

మరి ముట్టుకోకుండా ఎలా చూడాలి? కోయాక్స్ కేబుల్ కొసన రెండు చుట్ల చిన్న తీగ లూప్ సోల్డర్ చేసి, కాయిల్‌కి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి, రెండో కొస స్పెక్ట్రమ్ అనలైజర్‌కి ఇవ్వండి. అనలైజర్ ఖాళీగా దొరకకపోతే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ చాలు. టీవీ చూడడానికి చేసిన ఆ డాంగిల్‌ని సాఫ్ట్‌వేర్ రేడియోగా వాడవచ్చని 2012లో అందరికీ తెలిసింది, ఆర్820టీ ట్యూనర్ ఉన్నది సుమారు 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ వరకు చూపిస్తుంది. పవర్‌ని కచ్చితంగా కొలవలేదు గానీ ఆసిలేటర్ నడుస్తోందా, ఎక్కడ నడుస్తోంది, వేడెక్కేకొద్దీ ఎంత జారుతోంది అనే మూడింటికీ ఇంతకంటే సులువైన పరికరం విద్యార్థి చేతిలో లేదు. చేతిలో ఏదీ లేకపోయినా మల్టీమీటర్‌తో ఒక పని చేయవచ్చు, ఎమిటర్ దగ్గర 10 కిలోఓమ్ రెసిస్టర్ గుండా డీసీ ఓల్టేజీ చూస్తూ కాయిల్‌ని ఒక్క క్షణం షార్ట్ చేయండి. ఆసిలేషన్ నడుస్తుంటే అది ఆగినప్పుడు ఆ ఓల్టేజీ మారుతుంది. ఏమీ మారకపోతే అక్కడ ఆసిలేషన్ లేదనే అనుకోవాలి.

ఇక మొదలుకాకపోవడం. లూప్ గెయిన్ (సిగ్నల్ ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఎన్ని రెట్లయింది అనేది) ఒకటి ఉండాలి, ఫేజ్ సున్నా ఉండాలి అని బార్క్‌హౌజెన్ నియమం పరీక్షలో రాస్తాం, కానీ మొదలవడానికి ఒకటి చాలదు, రెండు మూడు రెట్లు ఉంటేనే ప్రతిసారీ నమ్మకంగా మొదలవుతుంది. ట్రాన్సిస్టర్ ఆ గెయిన్ ఇస్తుందా అనేది చూడాలి. 2ఎన్3904కి ట్రాన్సిషన్ ఫ్రీక్వెన్సీ (కరెంట్ గెయిన్ ఒకటికి పడిపోయే చోటు) కనీసం 300 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది, అంటే 100 దగ్గర కరెంట్ గెయిన్ సుమారు మూడే. పైగా ఆ 300 అనే అంకె 10 మిల్లీఆంప్స్ కలెక్టర్ కరెంట్ దగ్గర కొలిచినది. మీరు బ్యాటరీ ఆదా అవుతుందని అర మిల్లీఆంప్ దగ్గర బయాస్ చేస్తే ఆ మూడు కూడా రాదు. కరెంట్ మూడు నుంచి ఐదు మిల్లీఆంప్స్‌కి పెంచండి, కామన్ బేస్‌లో కట్టండి, బేస్‌ని గ్రౌండ్ చేసే కెపాసిటర్ కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించండి. ఆ కెపాసిటర్ విషయంలో చాలామంది పొరపడతారు. 100 నానోఫారడ్ డిస్క్ పెడితే పెద్దది కాబట్టి మంచిదనుకుంటారు, కానీ దాని కాళ్లకే ఆరు నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటే అది 6.5 మెగాహెర్ట్జ్ దగ్గరే రెజొనేట్ అయి, ఆ పైన కెపాసిటర్‌లా కాక కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. 1 నానోఫారడ్ సర్ఫేస్ మౌంట్ ముక్కకి ఒక నానోహెన్రీ అనుకుంటే రెజొనెన్స్ 159 మెగాహెర్ట్జ్‌కి వెళుతుంది. మీ పనికి ఈ చిన్నదే మేలు.

బ్రెడ్‌బోర్డుని ఈ పనికి పక్కన పెట్టేయండి. పది మెగాహెర్ట్జ్ లోపల సరే, 100 దగ్గర దానితో కుస్తీ పట్టడం వల్ల నేర్చుకునేది తక్కువ, విసుగు ఎక్కువ. ఖాళీ రాగి పూత బోర్డు ముక్క తీసుకోండి, రాగి అంతా గ్రౌండ్. దాని మీద చిన్నచిన్న బోర్డు ముక్కలు జిగురుతో అంటించి వాటిని సోల్డర్ పాయింట్లుగా వాడండి, లేదా ట్రాన్సిస్టర్‌ని బోర్లా పెట్టి కాళ్లకే నేరుగా విడిభాగాలు సోల్డర్ చేయండి. చూడడానికి అందంగా ఉండదు, కానీ గ్రౌండ్‌కి వెళ్లే ప్రతి కాలు రెండు మిల్లీమీటర్ల లోపు ముగుస్తుంది, అదే మనకి కావాల్సింది. కాయిల్ కోసం ఎనామిల్ రాగి తీగని ఆరు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ కాడ మీద ఐదు చుట్లు చుట్టి, పొడవు ఆరు మిల్లీమీటర్లు వచ్చేలా సర్దితే దాదాపు 100 నానోహెన్రీ వస్తుంది. చుట్లని కాస్త సాగదీస్తే ఇండక్టెన్స్ తగ్గి ఫ్రీక్వెన్సీ పైకి పోతుంది, దగ్గరికి నొక్కితే కిందికి వస్తుంది. ట్యూన్ చేశాక చుట్లు కదలకుండా కొంచెం మైనం వేయండి. లేకపోతే బల్ల మీద తట్టినప్పుడల్లా స్పీకర్‌లో ఆ చప్పుడు వినిపిస్తుంది. ఎనామిల్ సరిగ్గా గీకకుండా సోల్డర్ చేస్తే పైకి అంటుకున్నట్టే కనిపిస్తుంది గానీ లోపల కనెక్షన్ ఉండదు, ఒకసారి ఓమ్‌మీటర్‌తో చూసుకోండి. సోల్డర్ చేసేటప్పుడు వచ్చే పొగ ముఖానికి తగలకుండా ఫ్యాన్ గానీ కిటికీ గానీ చూసుకోండి.

ఇదంతా చెప్పాక కూడా నా సలహా ఏమిటంటే ఆసిలేటర్‌తో మొదలుపెట్టకండి. ఇది చాలా ల్యాబ్ మాన్యువళ్లతో నాకున్న అసలు పేచీ, మొదటి ప్రయోగమే ఆసిలేటర్ ఇస్తారు, అది పనిచేస్తే ఎందుకు పనిచేసిందో తెలియదు, చేయకపోతే ఎందుకు చేయలేదో తెలియదు. ముందు ఒక లో-పాస్ ఫిల్టర్ కట్టండి. కరెంట్ అక్కర్లేదు, బయాస్ లేదు, మూడే విడిభాగాలు. 50 ఓమ్‌లకి, 10 మెగాహెర్ట్జ్‌కి మూడో ఆర్డర్ బటర్‌వర్త్ అయితే రెండు వైపులా చెరో 318 పికోఫారడ్, మధ్యలో 1.59 మైక్రోహెన్రీ. దొరికే విలువలు 330, 1.5 పెట్టినా సరే, కానీ ఆ మార్పుతో ఏమవుతుందో ముందే లెక్కేసి రాసుకోండి. లెక్క ప్రకారం 10 దగ్గర 3 డెసిబెల్, 30 దగ్గర సుమారు 28.6, 100 దగ్గర 60 డెసిబెల్ తగ్గాలి. ఇప్పుడు వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్‌తో, అంటే ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా ఎంత సిగ్నల్ దాటింది, ఎంత తిరిగొచ్చింది అని చూపించే పరికరంతో కొలవండి. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న పెద్దది ఇవ్వకపోతే నానోవీఎన్ఏ అనే చిన్న పరికరం ఈ పనికి సరిపోతుంది. కిందనంతా లెక్కతో కలుస్తుంది, పైకి వెళ్లేకొద్దీ విడిపోతుంది, 100 దగ్గర మీకు సరిగ్గా ఆ 60 రాదు. ఎందుకు రాదో మీరే కనుక్కోవాలి. 318 పికోఫారడ్ కెపాసిటర్‌కి కాళ్లు రెండూ కలిపి ఒక సెంటీమీటరు ఉంటే అది 89 మెగాహెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అవుతుంది, సరిగ్గా అక్కడ ఫిల్టర్ లెక్కకంటే బాగా పనిచేసినట్టు ఒక గుంట కనిపిస్తుంది, ఆ తర్వాత వంపు పైకి తేలిపోతుంది. కాళ్లు కత్తిరించి మళ్లీ కొలిస్తే ఆ గుంట పైకి జరుగుతుంది. ఇది కళ్లారా చూసిన విద్యార్థి ఇక ఎప్పుడూ కాళ్లు పొడుగ్గా వదలడు, నేను వందసార్లు చెప్పినా రాని అలవాటు ఈ ఒక్క గ్రాఫ్‌తో వస్తుంది.

అనలైజర్ వాడేముందు కాలిబ్రేషన్ తప్పనిసరి, ఓపెన్, షార్ట్, లోడ్ మూడూ కేబుల్ చివర పెట్టి చేయాలి, పరికరం మూతి దగ్గర కాదు. మీరు కాలిబ్రేట్ చేసిన చోటు నుంచే అది కొలవడం మొదలుపెడుతుంది. చేశాక 50 ఓమ్‌ల మామూలు రెసిస్టర్‌ని రెండు సెంటీమీటర్ల కాళ్లతో పెట్టి స్మిత్ చార్ట్ (ఇంపీడెన్స్‌ని చుక్కగా చూపించే వృత్తాల పటం) మీద చూడండి, 500 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కాళ్లే 63 ఓమ్‌ల రియాక్టెన్స్ అవుతాయి, చుక్క మధ్యలోంచి పై సగంలోకి నడుచుకుంటూ వెళుతుంది. 1939లో ఫిలిప్ స్మిత్ ప్రచురించిన ఆ వృత్తాలు క్లాసులో భయపెడతాయి గానీ చేతిలో విడిభాగం పెట్టి చూస్తే పావుగంటలో అర్థమవుతాయి.

ఫిల్టర్ తర్వాత 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్ కట్టండి. ఇది చెయ్యి పెట్టినా దాదాపు కదలదు, ఎందుకంటే క్రిస్టల్ క్యూ (రెజొనెన్స్ ఎంత పదునుగా ఉందో చెప్పే అంకె) పదివేలల్లో ఉంటుంది, మనం చుట్టిన కాయిల్ క్యూ వంద దాటితే గొప్ప. ఆ తేడా చూశాకే ఎల్‌సీ ఆసిలేటర్‌కి రండి, దాన్నీ ఒక్కసారిగా 100కి కాకుండా ముందు 10 దగ్గర కట్టి, ఆపైన 30, ఆపైన 100. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఏ దోషం ఎప్పుడు తలెత్తిందో తెలుస్తుంది.

ఆసిలేటర్ తర్వాత నేరుగా యాంటెన్నా కలపకండి. మధ్యలో ఒక బఫర్, జే310 లాంటి జేఫెట్‌తో సోర్స్ ఫాలోయర్ సరిపోతుంది, దాని తర్వాత సిగ్నల్‌ని తగ్గించే 6 డెసిబెల్ ప్యాడ్, అంటే 150, 39, 150 ఓమ్‌ల రెసిస్టర్లు π అక్షరం ఆకారంలో. సగానికి సగం ఓల్టేజీ వృథా అవుతుంది కదా అని అడుగుతారు. అవుతుంది, కానీ అవతల ఏం కలిపినా, చివరికి ఏమీ కలపకపోయినా, తిరిగొచ్చే సిగ్నల్ ఆ ప్యాడ్‌ని రెండుసార్లు దాటాలి కాబట్టి 12 డెసిబెల్ తగ్గి వస్తుంది, దాంతో ఆసిలేటర్‌కి అవతలి మార్పులు పెద్దగా సోకవు. నేర్చుకునే దశలో పవర్ కంటే ఈ ప్రశాంతత విలువైనది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఎఫ్ఎం బ్యాండ్‌లో లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం చాలా దేశాల్లో నేరం, చిన్న పవర్‌కి మినహాయింపు ఉందా లేదా అనేది మీ దేశపు నిబంధనల్లో చూసుకోండి. అంతకంటే ముఖ్యం, 108 మెగాహెర్ట్జ్ దాటగానే విమానాల నావిగేషన్, ఆ పైన 118 నుంచి పైలట్ల మాటలు ఉంటాయి. జారిపోయే ఆసిలేటర్‌కి యాంటెన్నా తగిలించడం అంటే ఆ బ్యాండ్‌లోకి వెళ్లే అవకాశం ఇవ్వడమే. పైగా 100 దగ్గర నడిచే ఈ సర్క్యూట్ 200, 300 దగ్గర కూడా హార్మోనిక్స్ ఇస్తుంది. కాబట్టి ప్రయోగమంతా యాంటెన్నాకి బదులు పెట్టే రెసిస్టర్, అంటే డమ్మీ లోడ్ మీదే చేయండి, రెండు 100 ఓమ్ రెసిస్టర్లు సమాంతరంగా పెడితే 50 ఓమ్‌లు అయిపోయింది. పక్కన పెట్టిన డాంగిల్‌కి ఆ లీకేజీయే చాలు.

స్పెక్ట్రమ్ అనలైజర్‌కి సర్క్యూట్‌ని తీగతో కలిపే రోజు వస్తే ముందు దాని ఇన్‌పుట్ పక్కన రాసి ఉన్న హద్దు చదవండి. చాలావాటికి 30 డీబీఎం, డీసీ ఎంత తట్టుకుంటుందో కూడా అక్కడే ఉంటుంది, కొన్నింటికి డీసీ అసలే పనికిరాదు. 20 డెసిబెల్ అటెన్యుయేటర్, డీసీ ఆపే కెపాసిటర్ లేకుండా కలపవద్దు, పాడైతే మీ బ్యాచ్ అంతా ఆ సెమిస్టర్ అనలైజర్ లేకుండా గడపాలి. డీబీఎం లెక్క నోటికి రావాలి: 0 డీబీఎం అంటే ఒక మిల్లీవాట్, 50 ఓమ్‌ల మీద అది 224 మిల్లీవోల్ట్ ఆర్ఎంఎస్, స్కోప్‌లో పీక్ టు పీక్ 632 మిల్లీవోల్ట్. స్కోప్, అనలైజర్ రెండూ చూపిస్తున్నది ఒకటేనా అని ఇలాగే సరిచూసుకుంటాం.

రిసీవర్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే ఇక్కడిదాకా వస్తే అది సగం అయిపోయినట్టే. ఆసిలేటర్ మీ చేతిలో ఉంది, ఎస్ఏ612 లాంటి మిక్సర్ చిప్, 10.7 మెగాహెర్ట్జ్ సిరామిక్ ఫిల్టర్ చేరిస్తే 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన సూపర్‌హెటరోడైన్ (వచ్చే స్టేషన్‌ని ఒకే స్థిర ఫ్రీక్వెన్సీకి దించే రిసీవర్) తయారు. 98 వినాలంటే లోకల్ ఆసిలేటర్ 108.7 దగ్గర ఉండాలి, అప్పుడు 119.4 కూడా అదే 10.7కి దిగివస్తుంది, ఆ ఇమేజ్‌ని మిక్సర్ ముందున్న ఫిల్టరే ఆపాలి. మీ ఫిల్టర్ 119.4ని ఎన్ని డెసిబెల్ తగ్గిస్తోందో ముందే కొలిచి పెట్టుకోండి.

మాడ్యూళ్ల మాటకి వస్తే, వాటిని వాడటం తక్కువతనమేమీ కాదు, ఉద్యోగంలో ఎక్కువగా వాటితోనే పని. కానీ ఎన్ఆర్ఎఫ్24ఎల్01 అనే రేడియో మాడ్యూల్ పెట్టినవాళ్లకి ప్యాకెట్లు పోతున్నాయంటే ఎక్కువసార్లు సప్లై దగ్గర కెపాసిటర్ లేకపోవడమే కారణం, 433 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ దూరం పోవడం లేదంటే 17.3 సెంటీమీటర్లు ఉండాల్సిన తీగ ఏదో ఒక పొడవు ఉండి, దానికి తగ్గ గ్రౌండ్ లేకపోవడం. అవి కనుక్కోవాలన్నా ఇప్పుడు మనం చెప్పుకున్న లెక్కలే కావాలి. అందుకే ఈ సెమిస్టర్ చేత్తో కట్టండి, ప్రాజెక్టుకి మాడ్యూళ్లు వాడండి.

ముందుగా ఫిల్టర్, తర్వాత రాగి బోర్డు మీద 10 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ కట్టి చూడండి. స్విచ్ వేసే ముందు బేస్, ఎమిటర్, కలెక్టర్ ఓల్టేజీలు, సప్లై కరెంట్, రావాల్సిన ఫ్రీక్వెన్సీ పుస్తకంలో రాసుకోండి, వచ్చినవి పక్కనే రాయండి. అప్పటికీ మొదలుకాకపోతే ఆ పేజీ, బోర్డుని పైనుంచి తీసిన ఫొటో, కాయిల్ చుట్లు, వ్యాసం, పొడవు ఇక్కడ పెట్టండి, ఎక్కడ ఆగిందో కలిసి చూద్దాం.